ఊడ్చిన చేతికి దక్కిన గౌరవం

దైవప్రవక్త (స) మస్జిదును ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి స్త్రీ మదీనాలో ఉండేది. ఆమె పేరు ఉమ్మె మిహ్జన్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. కొన్నాళ్ళు కనిపించకపోయేసరికి ఆయన (స) ఆరా తీశారు. చనిపోయిందని సహచరులు చెప్పారు. అదొక చిన్న విషయమనుకుని వారు ఆయనకు తెలుపలేదు. తనకెందుకు తెలియజేయలేదని ఆయన (స) అడిగారు. సమాధి ఎక్కడో తెలుసుకుని, అక్కడికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది.

సోదర సోదరీమణులారా! ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీలు మునిగాయి. అలాంటి వేళ పొరుగువారికి అన్నం వండి పంపే తల్లులు, మామూలు రోజుల్లో రోగులను పలకరించే అక్కలు, మయ్యిత్‌కు గుస్లు చేయించే ఖాలాలు ప్రతి బస్తీలోనూ ఉంటారు. వారిలో ఒకరు కన్నుమూస్తే మనం ఎన్నాళ్ళకు గమనిస్తాం?

బ్రతికుండగానే వారి క్షేమం కనుక్కుందాం. మరణిస్తే, పెద్దింటి జనాజాకు వెళ్ళినట్టే వెళదాం. మగ్ఫిరత్ కోసం దుఆ చేద్దాం. వారు వదిలివెళ్ళిన పనిని మనలో ఒకరం అందుకుందాం. మనం చిన్నదనుకునే సేవ అల్లాహ్ దగ్గర చిన్నది కాదు.

అల్లాహ్ వారి సేవలను స్వీకరించుగాక! ఆమీన్.