ఎం.ఎస్. గొంతు కోసం సుప్రభాతం వింటే అది భక్తేనా?

ఈ వారం వీడియోలో శ్రవణ భక్తి గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక పక్కన పెట్టిన ఒక విషయం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మన వయసు వాళ్ళలో చాలామందికి ఉండే డౌటే ఇది. "నేను రోజూ సుప్రభాతం వింటాను. కానీ నిజం చెప్పాలంటే వెంకన్న కోసం కాదు, ఎం.ఎస్. గొంతు కోసం. మరి ఇది భక్తా, ఫ్యానిజమా?"

దీనికి జవాబు వెతికే ముందు, అసలు ఒక గాయకుడికో గాయనికో జీవితాంతం ఫ్యాన్ ఎలా అవుతామో చూడాలి.

ఫోన్ కొనేటప్పుడు పది రివ్యూలు చూస్తాం, ధరలు పోల్చుకుంటాం, అప్పుడు కొంటాం. ఇష్టమైన గొంతు విషయంలో ఎవరైనా అలా చేశారా? మనం ఎంచుకోం. ఎవరో ఎక్కడో పెట్టిన పాట మన చెవిన పడుతుంది, అంతే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీ రికార్డుగా వచ్చింది. అప్పటి నుంచి క్యాసెట్, సీడీ, ఎంపీత్రీ, యూట్యూబ్ అన్నీ మారాయి కానీ తెల్లారగానే వినిపించే ఆ గొంతు మారలేదు. గుడి మైకులోనో, వంటింట్లో అమ్మ పెట్టిన టేప్ రికార్డర్‌లోనో, పక్కింటి గోడ అవతల నుంచో, మనం దుప్పటి ముసుగేసుకుని ఉండగానే అది మనలోకి వెళ్ళిపోయింది.

గమ్మత్తేంటంటే అందులో ఉన్నది సంస్కృతం. సుప్రభాతం 29, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14, మొత్తం 70 శ్లోకాలు. రాసింది 15వ శతాబ్దానికి చెందిన ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామి. మొదటి శ్లోకం మాత్రం వాల్మీకి రామాయణంలోది, విశ్వామిత్రుడు రాముణ్ణి నిద్రలేపే శ్లోకం. ఇవేవీ ఆరేళ్ళ పిల్లాడికి తెలియవు. కానీ ఏ పాదం తర్వాత ఏ పాదం వస్తుందో, ఎక్కడ గొంతు పైకి వెళుతుందో వాడికి తెలుసు. ఇంకో మాట. ఆ రికార్డులో ఎం.ఎస్. గారితో పాటు ఆవిడ సవతి కూతురు రాధా విశ్వనాథన్ గారి గొంతు కూడా ఉంది. ఏళ్ళ తరబడి వింటూ కూడా రెండు గొంతులున్నాయని గమనించని వాళ్ళు చాలామందే ఉంటారు. అంటే అన్నేళ్ళూ పాట చెవిన పడింది కానీ మనం వినలేదన్నమాట.

చెవిన పడటం వేరు, వినడం వేరు. ఈ రెండింటి మధ్య ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. ఇల్లు వదిలి హాస్టల్‌కి వెళ్ళాక, లేదంటే నైట్ షిఫ్ట్ అయిపోయి తెల్లారుజామున క్యాబ్‌లో వస్తున్నప్పుడు, ఎక్కడో అదే పాట వినిపిస్తుంది. అప్పుడు ఠక్కున ఆగిపోతాం. "ఫలానా రోజు నుంచి నేను ఈవిడ ఫ్యాన్‌ని" అని మనం చెప్పుకునే రోజు సాధారణంగా ఇదే. కానీ అది రెండో రోజు. మొదటి రోజు మనకు తెలియకుండానే ఎప్పుడో అయిపోయింది.

దీనికి సైన్స్ వైపు నుంచి ఒక ఆధారం ఉంది. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ఒక స్టడీ ప్రచురించారు. వింటే ఒళ్ళు గగుర్పొడిచే పాటలు ఎవరివి వాళ్ళనే తెచ్చుకోమని, అవి వింటున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందో స్కాన్ చేసి చూశారు. ఆ గగుర్పాటు క్షణంలో డోపమైన్ విడుదలైంది. అసలు విషయం అది కాదు. ఆ చోటు రాకముందు, "ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది" అని ఎదురుచూసే సెకన్లలో కూడా మెదడులోని ఇంకో భాగంలో డోపమైన్ విడుదలైంది. ముందు ఏం రాబోతోందో తెలిస్తేనే కదా ఎదురుచూడగలం! అంటే పదేపదే విన్న పాటకే ఆ శక్తి ఉంటుంది. స్కిప్ బటన్ మీద వేలు పెట్టుకుని వినేవాడికి ఆ ఎదురుచూపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక మన గ్రంథాల దగ్గరికి వద్దాం. సంగీతానికి జీవితాంతం అంకితమైన భక్తుడు ఎవరంటే నారదుడి పేరే చెబుతాం. మరి నారదుడికి ఈ పిచ్చి ఎలా పట్టింది? భాగవతం ప్రథమ స్కంధంలో ఆయనే వ్యాసుడికి తన పూర్వజన్మ కథ చెబుతాడు. అప్పుడాయన ఒక దాసి కొడుకు. వానాకాలం చాతుర్మాస్యానికి కొందరు యోగులు ఆ ఊళ్ళో ఆగారు. ఈ పిల్లాణ్ణి వాళ్ళకు సేవ చేయడానికి పెట్టారు. ఎవరూ అతన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. వాళ్ళు రోజూ కృష్ణ కథలు పాడుకుంటుంటే, పనులు చేసుకుంటూ విన్నాడు. వానాకాలం, శరత్కాలం, అంటే నాలుగు నెలలు రోజూ విన్నాడు. ముందు శ్రద్ధ పుట్టింది, తర్వాత రుచి పుట్టింది. యోగులు ఊరు వదిలి వెళ్ళేముందు ఉపదేశం చేశారు. చెవిన పడటం ముందు, అర్థం తర్వాత. వంటింట్లో మోగిన మన సుప్రభాతానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

కథ అక్కడితో ఆగలేదు. పాము కరిచి తల్లి పోయింది. ఐదేళ్ళ ఆ పిల్లాడు ఒంటరిగా ఉత్తర దిక్కుగా వెళ్ళిపోయాడు. అడవిలో రావిచెట్టు కింద కూర్చుని ధ్యానం చేస్తే, ఒక్కసారి స్వామి కనిపించాడు. వెంటనే మాయమయ్యాడు. ఎంత ప్రయత్నించినా మళ్ళీ కనబడలేదు. "ఈ జన్మలో ఇక కనిపించను. ఒకసారి కనిపించింది నీలో కోరిక పెరగడానికే" అన్న భావంతో ఒక మాట మాత్రం వినిపించింది. మరుజన్మలో ఆయన చేతికి వీణ వచ్చింది. అప్పటి నుంచి పాడుతూ తిరుగుతూనే ఉన్నాడు. నాకైతే భాగవతంలో చాలా ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి. మనల్ని ఠక్కున ఆపేసిన ఆ క్యాబ్ క్షణం కూడా మళ్ళీ అలాగే రాదు. అదే పాట మర్నాడు పెట్టుకున్నా రాదు. రాదు కాబట్టే జీవితమంతా వింటూ ఉంటాం.

మొదట విన్నది ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడాలంటే అన్నమయ్య కీర్తనలు చూడండి. 32 వేల సంకీర్తనలు రాశారని సంప్రదాయం, మనకు దొరికినవి దాదాపు 12 వేలు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు మాత్రం లేవు. ఈరోజు మనం వింటున్న ట్యూన్లు చాలావరకు గత వందేళ్ళలో కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటి వాళ్ళు వాటికి బాణీలిచ్చారు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఒక్కరే 600కు పైగా కీర్తనలు స్వరపరిచి, 2025 మార్చిలో వెళ్ళిపోయే దాకా పాడుతూనే ఉన్నారు. అయినా ఒకే కీర్తన రెండు ట్యూన్లలో వినిపిస్తే "ఇది కాదు, ఒరిజినల్ వేరే ఉంది" అని వాదించేస్తాం. మన ఒరిజినల్ అంటే ఏంటి? మన ఇంట్లో మొదట మోగింది. 1997లో 'అన్నమయ్య' సినిమా వచ్చాక ఎంతోమందికి ఆ ఒరిజినల్ కీరవాణి గారి ట్యూన్, బాలు గారి గొంతు అయిపోయాయి. దాన్ని చిన్నచూపు చూసే పెద్దవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. సినిమా గుమ్మం గుండా లోపలికొచ్చి బాలకృష్ణప్రసాద్ గారి దాకా వెళ్ళినవాళ్ళు బోలెడుమంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గొంతు మీద ఇష్టం భక్తేనా? రూపగోస్వామి 'భక్తిరసామృతసింధు'లో శ్రద్ధ నుంచి ప్రేమ దాకా తొమ్మిది మెట్లు చెప్పారు. అందులో నిష్ఠ ముందు, రుచి తర్వాత, దాని పైన ఆసక్తి. మన లెక్క దీనికి పూర్తిగా రివర్స్. నచ్చితే రోజూ వింటాం అంటాం. ఆయన రోజూ వింటే రుచి పుడుతుందంటున్నారు. గొంతు కోసమే అయినా మీరు రోజూ ప్లే చేస్తున్నారంటే, తెలియకుండానే నిష్ఠ మెట్టు మీద నిలబడినట్టే. కాబట్టి గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు.

కానీ అక్కడే ఆగిపోతే నష్టం మీకే. ఎం.ఎస్. గారి మాతృభాష తమిళం. సంస్కృతమైనా తెలుగైనా ఉచ్చారణ, అర్థం పెద్దల దగ్గర నేర్చుకుని గానీ పాడేవారు కాదు. 1979-80 ప్రాంతంలో టీటీడీ కోసం చేసిన 'బాలాజీ పంచరత్నమాల' ఐదు ఎల్పీల్లో ఆవిడ పాడిన అన్నమయ్య వింటే, మనం తెలుగువాళ్ళమై ఉండి నమిలి మింగేసే అక్షరాలు ఎంత స్పష్టంగా పలుకుతాయో తెలుస్తుంది. అంత శ్రద్ధ ఆవిడ ఎవరి కోసం పెట్టారు? మీరు ఆవిడ వైపు చూస్తున్నారు. ఆవిడ చూస్తున్న వైపు కూడా ఒకసారి తిరిగి చూడండి.

ఒక్క విషయం మాత్రం నన్ను నిజంగా కలవరపెడుతోంది. మన చిన్నప్పుడు పాట ఇంటి మొత్తానిది. ఇప్పుడు ఒకే ఫ్లాట్‌లో నలుగురికి నాలుగు ఇయర్‌బడ్స్. మనం ఎంత మంచి కీర్తన విన్నా పక్క గదిలో ఆడుకుంటున్న పాప చెవిన పడదు. దాసి కొడుక్కి దొరికిన ఆ నాలుగు నెలలు ఆ పాపకి ఎవరిస్తారు?

అందుకే ఈసారి సాధన ఇది. ఒకే ఒక్క కీర్తన తీసుకోండి, మీకిష్టమైన గొంతులోనే. మండలం, అంటే 40 రోజులు, రోజూ ఒకే టైమ్‌కి ఇంట్లో స్పీకర్‌లో పెట్టండి. పీజీలో ఉంటే రూమ్మేట్‌ని ఒక మాట అడగండి. కూర్చుని వినక్కర్లేదు, దోసెలు వేసుకుంటూ, లంచ్ బాక్స్ సర్దుకుంటూ వినండి. మొదటి పది రోజులు అర్థం వెతకొద్దు. ఆ తర్వాత ప్రతిపదార్థం చదవండి. చివరి వారంలో అదే కీర్తన ఇంకొకరి గొంతులో వినండి. "ఇది ఒరిజినల్ కాదు" అని మనసులో అనిపిస్తే, కీర్తన మీలోకి దిగిందన్నమాట. వచ్చే వీడియోలో కీర్తనం, అంటే మనమే నోరు తెరిచి పాడటం గురించి మాట్లాడుకుందాం.