మడుగు అంటే విత్తనాల కుండ



మన ఇళ్లలో విత్తనాల కుండ ఉంటుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నా సరే, ఆ కుండలో చెయ్యి పెట్టం. ఎందుకు? ఈ రోజు విత్తనాలు వండుకు తింటే వచ్చే ఏడు చేను ఉండదు.

గోదావరికి కూడా అలాంటి కుండ ఒకటి ఉంది. అది చలికాలంలో కనిపిస్తుంది. ఆ కుండ ఎక్కడుందో, దాన్ని ఎలా కాపాడుకోవాలో ఈ పాఠంలో చదువుదాం.

ముక్కనుమ నాడు

మాది గోదావరి పక్కన లంక ఊరు. సంక్రాంతికి అక్క, బావ వచ్చారు. ముక్కనుమ నాడు పెదనాన్న అన్నాడు: "అల్లుడూ, కొట్లో కొన్న చేప ఏం తింటావు? పద, ఏటికి పోదాం."

అందరం బయలుదేరాం. పెదనాన్న, పెద్దమ్మ, అక్క, బావ, పక్కింటి వదిన, ఆవిడ పిల్లలు, నేను. మొత్తం 11 మందిమి. పెదనాన్న భుజం మీద విసురు వల. బావ చేతిలో గేలం. పిల్లల దగ్గర కొబ్బరి చిప్పలో ఎర్రలు. పెద్దమ్మ సంచిలో పులిహోర.

మా పెద్దమ్మకు 52 ఏళ్లు. రెండేళ్ల కిందట మా చదువు కేంద్రానికి వచ్చి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు దారిలో ఏ గోడ మీద రాత కనిపించినా నిలబడి చదువుతుంది. "పెద్దమ్మా, తొందరగా రా" అంటే, "ఉండమ్మాయ్, ఇన్నేళ్లూ చదవకుండానే నడిచాను గదా" అంటుంది.

పొద్దున మంచు బాగా ఉంది. అయినా పెదనాన్న తొందరపడలేదు. "ఎండ రానీ. చేపకు కూడా చలి వేస్తుంది" అన్నాడు.

చలికాలంలో చేప ఏం చేస్తుంది?

పెదనాన్న మాట నిజమే. మన ఒంట్లో వేడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చేప ఒళ్లు అలా కాదు. నీళ్లు చల్లబడితే చేప ఒళ్లూ చల్లబడుతుంది. అప్పుడు అది ఎక్కువ తిరగదు. ఎక్కువ తినదు. లోతు నీళ్లలో నిదానంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు నీళ్లు కాస్త వెచ్చబడతాయి. అప్పుడు మేతకు కదులుతుంది. అందుకే చలికాలంలో గేలానికి పొద్దెక్కాక పోవాలి.

ఇంకొక సంగతి ఉంది. వానాకాలంలో గోదావరి ఒడ్డులు తాకి పారుతుంది. చలికాలం వచ్చేసరికి నీరు తగ్గిపోతుంది. ఇసుక తిన్నెలు బయటపడతాయి. పాయలు సన్నబడతాయి. లోతు ఉన్న చోట మాత్రం నీళ్లు నిలుస్తాయి. వాటినే మడుగులు అంటాం. చేపలన్నీ ఆ మడుగుల్లోకి చేరతాయి.

బొచ్చె, శీలావతి, మోసు వంటి చేపలు వానాకాలం వరద నీటిలో గుడ్లు పెడతాయి. కిలో బరువున్న తల్లి శీలావతి కడుపులో 2 లక్షలకు పైగా గుడ్లు ఉంటాయి. అయితే అన్నీ బతకవు. గుడ్లను కొన్ని తింటాయి. పిల్లలను కొన్ని తింటాయి. సంక్రాంతి నాటికి మిగిలిన పిల్లలకు 5, 6 నెలల వయసు ఉంటుంది. ఆ పిల్లలు, వాటిని కనే తల్లులు, అన్నీ ఆ కాస్త మడుగులోనే ఉంటాయి.

అక్కలారా, గోదావరి విత్తనాల కుండ అదే.

వల కన్ను

పెదనాన్న పై మడుగులో వల విసిరాడు. వల గుండ్రంగా విప్పుకుని నీళ్ల మీద పడింది. నెమ్మదిగా లాగాడు. మూడు శీలావతులు పడ్డాయి. పిల్లలు కేకలు వేశారు.

పక్కింటి వదిన అడిగింది: "మావయ్యా, మీ వల కళ్లు ఇంత పెద్దవేమిటి? చిన్న చేపలన్నీ జారిపోతున్నాయి. మా ఇంట్లో పాత దోమతెర ఉంది. దాంతో లాగితే బుట్ట నిండేది."

పెదనాన్న వల కన్నులో మూడు వేళ్లు దూర్చి చూపించాడు. "జారిపోనీ అమ్మా. అందుకే గదా ఈ వల. అవి ఇప్పుడు 50 గ్రాములు ఉంటాయి. వచ్చే సంక్రాంతికి వాటినే మళ్లీ పట్టుకుందాం. దోమతెర లాగితే గుడ్డులోంచి వచ్చినదీ పోతుంది, గుడ్డు పెట్టేదీ పోతుంది."

అయితే చిన్న చేప అంతా పిల్ల చేప కాదు. పరిగె ఎంత పెరిగినా చిన్నదే. అది దాని జాతి. పరిగెలు తినవచ్చు. ముల్లుతో సహా నమిలి తింటే ఎముకలకు బలం. బొచ్చె పిల్ల సంగతి వేరు. దాని తల పెద్దది. నోరు పైకి తిరిగి ఉంటుంది. అది కిలోలు తూగే జాతి. చేతికి దొరికితే ప్రాణం ఉండగానే నీళ్లలో వదిలెయ్యాలి.

కొండల్లో ఒక చేప

పులిహోర తింటూ కూర్చున్నాం. మా బావ సైన్యంలో పని చేస్తాడు. కొన్నాళ్లు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నాడు. అక్కడి సంగతి చెప్పాడు.

"అక్కడి ఏళ్లలో ట్రౌటు అనే చేప ఉంటుంది మావయ్యా. ఒంటి మీద చుక్కలు. మంచు కరిగి వచ్చే చల్లటి నీళ్లలోనే బతుకుతుంది. మన గోదావరి వేడికి అది బతకదు. తెల్లదొరల కాలంలో బయటి దేశాల నుంచి దాని గుడ్లు తెచ్చి అక్కడ పెంచారట. గేలంతో దాన్ని పట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. లైసెన్సు తీసుకోవాలి."

"చలికాలంలోనూ పడతారా?" అని పెద్దమ్మ అడిగింది.

"లేదత్తయ్యా. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ట్రౌటు వేట ఆపేస్తారు. ఆ చేప చలికాలంలోనే గుడ్లు పెడుతుంది. ఆడ చేప తోకతో గులకరాళ్లలో గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. ఆ రోజుల్లో దాని జోలికి పోకూడదు."

పెద్దమ్మ తల ఊపింది. "బాలింత ఇంటికి అప్పుల వాడు కూడా పోడు గదా!"

మన దగ్గరా ఇలాంటి కట్టడి ఉంది. సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టి పెరగాలనే ఆ ఏర్పాటు. నీరు వేరు, చేప వేరు, నెల వేరు. కానీ సూత్రం ఒక్కటే. విత్తనం మిగలాలి.

తేలిన చేపలు

తిన్నాక పక్కింటి వదిన పిల్లలతో కింది మడుగు వైపు వెళ్లింది. కాసేపటికి అక్కడి నుంచి కేక వేసింది: "అత్తా! రండి, రండి! ఏరుకున్నవాళ్లకు ఏరుకున్నన్ని!"

పరుగున వెళ్లాం. మడుగు నిండా చేపలు తేలి ఉన్నాయి. పెద్దవి, చిన్నవి, బొచ్చెలు, జెల్లలు, పరిగెలు, అన్నీ కడుపు పైకి తిరిగి ఉన్నాయి. రొయ్యలు ఒడ్డుకు పాకి వచ్చి చచ్చాయి. వదిన బుట్ట సగం నిండింది. "ఈ నాలుగు సంతలో అమ్మితే పెద్దదాని పరీక్ష ఫీజుకు సరిపోతుంది. దేవుడిచ్చాడు" అంది. ఆవిడ కళ్లలో ఎంత సంతోషమో!

పెద్దమ్మ మాత్రం సంతోషించలేదు. చుట్టూ చూసింది. తుంగ పక్కన ఒక ఖాళీ డబ్బా పడి ఉంది. చేత్తో ముట్టుకోలేదు. పుల్లతో తిప్పింది. వంగి, కూడబలుక్కుని చదివింది.

"పుర్రె బొమ్మ ఉంది... వి... షం. విషం!"

ఆవిడ గొంతు వణికింది. "కోడలా, బుట్ట కింద పెట్టు. పిల్లల్ని నీళ్లలోంచి పైకి లాగు. ఇది దేవుడిచ్చింది కాదు. ఎవరో పురుగుమందు పోసి చంపింది."

వదినకు మనసు ఒప్పలేదు. "బాగా కడిగి, చింతపండు వేసి ఉడికిస్తే పోదా అత్తా?"

"ఉడికిస్తే పురుగు చస్తుంది. మందు చావదు" అంది పెద్దమ్మ. "నువ్వు తినకుండా సంతలో అమ్మినా, ఎవరో ఒకరి బిడ్డ తింటుంది గదా."

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత బుట్ట తానే ఒంచింది. పిల్లల చేతులు, కాళ్లు ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్లతో, సబ్బుతో కడిగాం. మగవాళ్లు చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, ఏటికి దూరంగా లోతుగా గొయ్యి తీసి ఆ చేపలను పూడ్చారు. కుక్కలు తోడకుండా పైన రాళ్లు పెట్టారు. ఆ రేవుకు గేదెలను తోలవద్దని ఊళ్లో చాటింపు వేయించారు.

పై మడుగులో పట్టిన మూడు చేపలతో ఆ రాత్రి పులుసు పెట్టాం. మొత్తం 11 మందికి తలో ముక్క వచ్చింది. మొదటి ముక్క పెద్దమ్మ పక్కింటి వదిన కంచంలో వేసింది. పరీక్ష ఫీజు డబ్బు పొదుపు సంఘం నుంచి అప్పుగా ఇప్పించింది.

కింది మడుగులో మళ్లీ వరద వచ్చేదాకా చేప కనిపించలేదు. ఎవరో ఒక్క పూట లాభం కోసం విత్తనాల కుండ పగలగొట్టారు.

డబ్బా మీది గుర్తు

పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన పలకలాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఆ రంగు చూసి మందు ఎంత ప్రమాదమో తెలుసుకోవచ్చు.

ఎరుపు: అన్నిటికంటే ప్రమాదం. పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది.
పసుపు: చాలా ప్రమాదం. ఇదీ విషమే.
నీలం: ప్రమాదం.
ఆకుపచ్చ: వాటికంటే తక్కువ. అయినా జాగ్రత్త.

ఆకుపచ్చ ఉంది గదా అని ఏట్లో కడగవద్దు. మనిషికి తక్కువ హాని చేసే మందు కూడా చేపను చంపవచ్చు. చేప నీళ్లను మొప్పల ద్వారా పీలుస్తుంది. నీళ్లలో కలిసిన మందు నేరుగా దాని ఒంట్లోకి పోతుంది.

ఏటిలో విషం కలపడం, మందుగుండు పేల్చి చేపలు పట్టడం నేరమని 1897 లోనే చట్టం చేశారు. కరెంటు తీగ నీళ్లలో వేసి చేపలు పట్టడం ఇంకా ఘోరం. అది చేపనూ చంపుతుంది, పట్టేవాడినీ చంపుతుంది.

విషం చేప తిని ఎవరికైనా వాంతులు, చెమటలు, కళ్లు మసకలు వస్తే ఇంట్లో నాటు వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108 కి ఫోన్ చేయండి. డబ్బా మీద రాసి ఉన్న మందు పేరు డాక్టరుకు చెప్పండి.

పెద్దమ్మ రాసిన అర్జీ

మరునాడు పెద్దమ్మ తన చేత్తో ఈ అర్జీ రాసింది. పొదుపు సంఘం ఆడవాళ్లందరూ సంతకాలు పెట్టారు. వేలిముద్ర ఒక్కటీ లేదు.

"గ్రామ సర్పంచ్ గారికి,
నమస్కారం.
మన ఊరి కింది రేవు మడుగులో ఎవరో పురుగుమందు పోశారు. చేపలన్నీ చచ్చాయి. పిల్లలు, పశువులు ఆ నీళ్లలో దిగుతారు. రేవు దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టించండి. చేపల శాఖ వారికి, పోలీసు వారికి తెలియజేయండి. ఖాళీ డబ్బాలు ఏటి ఒడ్డున పారేయవద్దని చాటింపు వేయించండి.
ఇట్లు,
మన ఊరి మహిళలు."

వారంలో బోర్డు వచ్చింది. దాని మీద రాసింది మొదట చదివింది ఎవరో మీకు తెలుసు!

గుర్తుంచుకుందాం

1. చలికాలం మడుగులో వచ్చే ఏటి చేప ఉంది.
2. వల కన్ను పెద్దదిగా ఉండాలి. దోమతెరతో వేట వద్దు.
3. ఊరకే తేలిన చేపను తినవద్దు, అమ్మవద్దు, పశువులకు పెట్టవద్దు.
4. డబ్బా మీది గుర్తు చూడాలి. రాసింది చదవాలి.

లెక్క చేద్దాం

చేప పిల్ల బరువు 50 గ్రాములు. 20 పిల్లలు పడితే 1 కిలో. కిలో 100 రూపాయలకు అమ్మితే ఎంత వస్తుంది?

ఆ 20 పిల్లలను వదిలేశాం అనుకుందాం. అందులో 15 చచ్చిపోయి 5 మాత్రమే బతికాయి. ఏడాదికి ఒక్కొక్కటి అర కిలో అయింది. మొత్తం ఎన్ని కిలోలు? కిలో 150 రూపాయల చొప్పున ఎంత వస్తుంది? ఏది లాభం?

మాట్లాడుకుందాం

1. మీ ఊరి ఏటిలో, చెరువులో ఒకప్పుడు ఏ చేపలు ఉండేవి? ఇప్పుడు ఏవి కనిపించడం లేదు?
2. మీ ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడ పెడతారు? పిల్లల చేతికి అందుతుందా? ఇవాళే చూడండి.
3. పక్కింటి వదిన స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?

మీ ఊరి సంగతి ఒకటి అయిదు వాక్యాల్లో రాసి మీ కేంద్రంలో చదివి వినిపించండి.