తెగిన పోగు

మగ్గం మీద పోగు తెగడం వింత కాదు. నేతగాడు దానిని వెంటనే అతుకుతాడు. అతకకుండా నేత సాగిస్తే లోపం బట్ట పొడవునా మిగిలిపోతుంది. మానవ దేహంలోని జీవకణాలలోనూ ఇటువంటి నేత నిరంతరం సాగుతుంది. కణకేంద్రకంలో ముడుచుకొని ఉన్న డి.ఎన్‌.ఏ. పోగును సాగదీస్తే దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది. ఒక్కొక్క కణంలో ఆ పోగుకు రోజుకు వేల సంఖ్యలో గాయాలవుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌-కిరణాలు, రసాయనాలు, చివరకు ఊపిరిగా పీల్చే ఆక్సిజన్‌ సైతం ఇందుకు కారణాలే. ఆ గాయాలను గుర్తించి సరిదిద్దే ఎంజైములు కణంలోనే ఉండడం వల్ల మనిషి ఆరోగ్యంగా ఉండగలుగుతున్నాడు. ఈ మరమ్మతు విధానాన్ని వివరించిన థామస్‌ లిండాల్‌, పాల్‌ మోడ్రిచ్‌, అజీజ్‌ సంజార్‌లకు 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్‌ బహుమతి లభించింది.

అయితే ఈ మరమ్మతు శక్తి అందరిలోనూ సమానంగా ఉండదు. కంచే చేను మేసినట్లు, శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే శరీరంపై దాడి చేసే వ్యాధులు కొన్ని ఉన్నాయి. వీటిని ఆటోఇమ్యూన్‌ వ్యాధులు అంటారు. వాటిలో ల్యూపస్‌ ఒకటి. ఈ వ్యాధి సోకిన ప్రతి 10 మందిలో సుమారు 9 మంది స్త్రీలే. వీరిలో చాలామంది రక్తంలో సొంత డి.ఎన్‌.ఏ.నే శత్రువుగా ఎంచే ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. ల్యూపస్‌ రోగుల తెల్ల రక్తకణాలలో డి.ఎన్‌.ఏ. గాయాలు అధికంగా ఉండడాన్నీ, అవి మానడంలో జాప్యాన్నీ శాస్త్రజ్ఞులు గమనించారు. గాయపడిన కణం నశించినప్పుడు దాని డి.ఎన్‌.ఏ. బయటపడి, రక్షణ వ్యవస్థను మరింత రెచ్చగొడుతుంది. అందువల్లనే ఇతరులకు హాని చేయని ఎండ కూడా వీరిలో చాలామందికి చర్మంపై దద్దురును, కీళ్ల నొప్పులను తెచ్చిపెడుతుంది.

ఈ విషయాన్ని సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో మరింత శ్రద్ధగా ఆలోచించవలసి ఉంది. ఔషధాలు, రసాయనాలు, లోహ పరికరాలు తయారుచేసే కర్మాగారాలు ఇక్కడ వేలమందికి జీవనోపాధి కల్పించాయి. వాటి వ్యర్థజలాలు చేరి, మంజీరలో కలిసే నక్కవాగు కలుషితమైంది. ఆ ఊళ్ల గోడు 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది.

రసాయనాల మధ్య పనిచేసేవారి డి.ఎన్‌.ఏ. గాయాలను కొలిచే పద్ధతి ఒకటుంది. దాని పేరు కామెట్‌ పరీక్ష. రక్తకణాలను జిగురుపొరలో ఉంచి విద్యుత్తును ప్రసరింపజేస్తే, తెగిన డి.ఎన్‌.ఏ. ముక్కలు తోకచుక్క తోకలాగా బయటికి సాగుతాయి. తోక ఎంత పొడవైతే గాయం అంత ఎక్కువ. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిలో పురుగుమందుల తయారీ కార్మికులను పరీక్షించి, వారిలో డి.ఎన్‌.ఏ. గాయాలు ఇతరులలో కంటే అధికమని 2003లో ప్రకటించారు. సిలికా ధూళికీ, కొన్ని ద్రావణులకూ ఆటోఇమ్యూన్‌ వ్యాధులతో సంబంధం ఉన్నట్లు అనేక దేశాల పరిశోధనలు తెలిపాయి.

ఇదంతా విని ఎక్స్‌-కిరణాలకు భయపడి వైద్యపరీక్షలు మానుకోవడం అవివేకం. ఒక మనిషికి ప్రకృతి నుండి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల వికిరణం సోకుతుంది. ఛాతీ ఎక్స్‌-రేతో సోకేది దాదాపు 0.1 మిల్లీసీవర్టు మాత్రమే. కాని క్యాన్సర్‌ చికిత్సలో ఇచ్చే వికిరణం ఎన్నో రెట్లు అధికం. ల్యూపస్‌, స్క్లెరోడెర్మా ఉన్నవారిలో కొందరికి దాని దుష్ఫలితాలు తీవ్రంగా పరిణమిస్తాయి. కనుక అటువంటివారు తమ వ్యాధిని వైద్యునికి ముందుగానే తెలపాలి.

కర్మాగారాలలో వికిరణంతో పనిచేసే వారికి మనదేశంలో అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టుల పరిమితి ఉంది. అటువంటి పరిమితి సాధారణ ఆరోగ్యవంతులను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినది. ఒకే యంత్రం ముందు నిలిచిన ఇద్దరిలో ఒకరి గాయం తెల్లవారేసరికి మానవచ్చు, మరొకరి గాయం మానకపోవచ్చు. ఎవరి పోగు ఆలస్యంగా అతుకుతుందో వారిని ముందుగా గుర్తించి, ఉపాధికి భంగం కలగకుండా సురక్షితమైన పని అప్పగించడం యాజమాన్యాల ధర్మం. తన వ్యాధిని దాచవలసిన అవసరం కార్మికునికి రాని చోటనే ఆ ధర్మం నిలుస్తుంది.