ఇందూరు కోటలో ఇద్దరు చదువరులు

పాఠ్యభాగ సందర్భం

పుస్తకాలను ప్రేమించేవారు ఎందరో ఉంటారు. ఒకరికి కవిత్వం ప్రియం, మరొకరికి కథ ప్రియం. ఒకరు మౌనంగా చదువుకొంటారు, మరొకరు చదివినది పదిమందికి వినిపిస్తేగాని తృప్తి చెందరు. అభిరుచులు వేరైన ఇద్దరు చదువరులు నిజామాబాదు కారాగారంలో కలుసుకొన్నారు. వారి పఠనాభిరుచులు, చదువు కోసం వారు పడిన శ్రమ, చదువును వారు వినియోగించిన తీరు ఈ పాఠంలోని విషయాలు.

పాఠ్యభాగం

నిజామాబాదు జిల్లాలోని భీమ్‌గల్ పట్టణం పేరు చెప్పగానే లింబాద్రి గుట్ట స్ఫురిస్తుంది. కార్తిక మాసంలో అక్కడ జరిగే లక్ష్మీనరసింహస్వామి జాతరకు చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తరలివస్తారు. ఇటువంటి ప్రాంతాలలో పుస్తకం తొలుత కంటితో చదివేది కాదు, చెవితో వినేది. అక్షరం నేర్చిన ఒకరు భాగవతమో, రామాయణమో చదువుతుంటే చుట్టూ కూర్చున్నవారు వినేవారు. ధర్మపురి శేషప్పకవి రచించిన నరసింహ శతకంలోని పద్యాలు చదువురాని వారి నోట సైతం నిలిచాయి. గ్రంథం ఇంటిలో లేకపోయినా గ్రంథంలోని మాట ఇంటింటా ఉండేది.

కాని విన్నదానితో తృప్తిపడక, స్వయంగా చదవాలని కోరుకొన్నవారికి నాటి నిజాం రాష్ట్రంలో మార్గం సుగమంగా లేదు. పాలనా భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష కూడా ఉర్దూయే. తెలుగు మాట్లాడే ప్రజలు లక్షలలో ఉన్నా తెలుగు పుస్తకం దొరకడం కష్టం. ఈ లోటును తీర్చడానికి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానం చెప్పాడు. 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది. చదవడం, చదివించడం అనేవి ఆ రోజులలో కాలక్షేపాలు కావు. అవి ఆత్మగౌరవానికి సంబంధించిన పనులు.

ఆ వాతావరణంలో రూపొందిన చదువరి వట్టికోట ఆళ్వారుస్వామి. ఈయన 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని మాదారంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. బడికి వెళ్లే స్తోమత లేక, ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ చదువు నేర్చుకొన్నాడు. కొంతకాలం హోటలులో సర్వరుగా పనిచేశాడు. పట్టాలు ఏవీ లేకపోయినా స్వయంకృషితో ఉర్దూ, ఇంగ్లీషు నేర్చుకొన్నాడు. తీరిక దొరికినప్పుడు చదవడం కాదు, చదవడానికి తీరికను సంపాదించుకోవడం ఆయన పద్ధతి.

కష్టపడి పుస్తకాలను సంపాదించిన చదువరి వాటిని పెట్టెలో దాచుకోవడం సహజం. ఆళ్వారుస్వామి అందుకు భిన్నంగా ప్రవర్తించాడు. 1938లో ఆయన సికింద్రాబాదులో ఒక ప్రచురణ సంస్థను స్థాపించి, 'దేశోద్ధారక' బిరుదాంకితుడైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్మృతికి చిహ్నంగా దానికి దేశోద్ధారక గ్రంథమాల అని పేరు పెట్టాడు. ఆ సంస్థ ముప్పైకి పైగా పుస్తకాలను ప్రచురించింది. పుస్తకం అచ్చయితే చాలదు, అది చదువరి చేతికి చేరాలి. అందువల్ల ఆయనే పుస్తకాల మూట మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ఒకనాడు పుస్తకం కోసం తాను వెతికాడు. తరువాత పుస్తకమే చదువరిని వెతుక్కుంటూ వెళ్లేటట్లు చేశాడు.

రెండవ చదువరి దాశరథి కృష్ణమాచార్య. ఈయన 1925లో నాటి వరంగల్లు జిల్లాలోని చిన్నగూడూరులో జన్మించాడు. తండ్రి వేంకటాచార్యులు సంస్కృత పండితుడు. కాబట్టి దాశరథికి గ్రంథాలు ఇంటిలోనే పరిచయమయ్యాయి. ఇంటి చదువు సంస్కృతాంధ్రాలను ఇస్తే, బడి చదువు ఉర్దూను ఇచ్చింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంగ్ల సాహిత్యాన్ని చేరువ చేసింది. నిజాం నిరంకుశత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన ఈ కవి ఉర్దూ కవిత్వాన్ని మాత్రం హృదయపూర్వకంగా ప్రేమించాడు. పాలకుని మీది కోపం భాష మీదికి మళ్లలేదు. మీర్జా గాలిబ్ కవితలను 'గాలిబ్ గీతాలు' పేరుతో 1961లో తెలుగువారికి అందించాడు. నిజమైన చదువరికి ఏ భాషా పరాయిది కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలిరోజులలో భారతదేశంలో చేరడానికి నిజాం అంగీకరించలేదు. ఉద్యమకారులతో జైళ్లు నిండాయి. నిజామాబాదుకు పూర్వనామం ఇందూరు. అక్కడి కొండమీది కోటను నాడు కారాగారంగా వాడేవారు. ఆ కోటలో ఆళ్వారుస్వామి, దాశరథి ఖైదీలుగా కలిసి ఉన్నారు. ఇద్దరి మధ్య వయసులో పదేళ్ల అంతరం. ఒకరు వంటింటి పొగలో అక్షరాలు దిద్దినవాడు, మరొకరు పండితుని ఒడిలో శ్లోకాలు విన్నవాడు. ఇద్దరికీ పుస్తకమే ప్రాణం.

కాగితం, కలం కరవైన ఆ చోట దాశరథి పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. అందుకు శిక్షను సైతం అనుభవించాడు. ఆళ్వారుస్వామి ఆ పద్యాలను కంఠస్థం చేశాడు. గోడ మీది అక్షరాన్ని చెరపవచ్చు. చదువరి మనస్సులో నిలిచిన అక్షరాన్ని చెరపడానికి ఏ అధికారికీ సాధ్యం కాదు. ఒకప్పుడు పల్లెలలో శతక పద్యాలను కాపాడిన జ్ఞాపకశక్తే ఆ కోటలో కొత్త కవిత్వాన్ని కాపాడింది.

ఇద్దరి అభిరుచులలో గల భేదం గమనింపదగినది. దాశరథిని ఆకర్షించినది మాటలోని నాదం, పద్యంలోని వేగం. ఆళ్వారుస్వామి దృష్టి మనుషుల బతుకుల మీద నిలిచింది. ఆయన కారాగారాన్ని కూడా ఒక పుస్తకంగానే చదివాడు. తోటి ఖైదీలు ఎవరు, ఏ పరిస్థితులు వారిని అక్కడికి తెచ్చాయి అని ఆలోచించాడు. ఆ పరిశీలన 'జైలు లోపల' కథలుగా రూపొందింది. తెలంగాణ గ్రామజీవితాన్ని, దొరల పెత్తనాన్ని, ప్రజలలో మేలుకొన్న చైతన్యాన్ని చిత్రించిన ఆయన నవల 'ప్రజల మనిషి' 1955లో వెలువడింది. 'గంగు' నవల అసంపూర్ణంగా మిగిలిపోగా, 1961లో ఆయన మరణించాడు. దాశరథి తన 'అగ్నిధార'ను 1949లో ప్రచురించి ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. పూర్వకవులు కృతులను రాజులకు అంకితమిచ్చి అగ్రహారాలు పొందారు. ఈ కవి తన కృతిని ఒక చదువరికి, జైలులోని సహచరునికి సమర్పించాడు.

ఈ ఇరువురి జీవితాలలో పఠనానికి సంబంధించిన మూడు లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, అవకాశం కోసం ఎదురుచూడకపోవడం. పనిచేస్తూ చదివినవాని చదువు పాఠశాలలో చదివినవాని చదువుకు తీసిపోలేదు. రెండవది, అభిరుచిని ఒకే గదిలో బంధించకపోవడం. తెలుగును ప్రేమించిన కవి గాలిబ్‌ను చదివాడు. పద్యాలు కంఠస్థం చేసినవాడు కథలు, నవలలు రాశాడు. మూడవది, చదివినదాన్ని తనకే పరిమితం చేసుకోకపోవడం. ఒకరు మూటలో మోశాడు, ఒకరు గోడ మీద రాశాడు.

నాటి ఇబ్బందులు నేడు లేవు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం వల్ల జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ప్రజలు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా చెల్లిస్తున్నారు. అంటే గ్రంథాలయంలోని పుస్తకం ఎవరో దయతో ఇచ్చే దానం కాదు, ప్రజలు తమ డబ్బుతో కొనుక్కొన్న సొత్తు. అయినా పరీక్షకు పనికివచ్చే పుస్తకం తప్ప మరొకటి తెరవని విద్యార్థులు ఎందరో ఉన్నారు. పరీక్ష ముగియగానే ఆ పుస్తకంతో సంబంధం తెగిపోతుంది. ఇష్టంతో చదివిన పుస్తకం అలా వదలదు. కష్టకాలంలో అది వెంట నిలుస్తుంది. ఏ పుస్తకం ఎవరికి నచ్చుతుందో ముందుగా చెప్పడం కష్టం. పది పుస్తకాలు తెరిచి చూసినవానికే తన పుస్తకం దొరుకుతుంది.

భీమ్‌గల్ నుంచి చదువు కోసం నిజామాబాదుకు వెళ్లే విద్యార్థికి కొండమీది ఆ కోట కనిపిస్తుంది. అక్కడ ఒకప్పుడు ఒక పద్యాన్ని కాపాడటానికి ఒక మనిషి తన జ్ఞాపకాన్నే గ్రంథాలయంగా మార్చుకొన్నాడన్న సంగతి ఆ విద్యార్థికి తెలిసి ఉండాలి.

కఠిన పదాలకు అర్థాలు

చదువరి = పాఠకుడు
సుగమం = సులభంగా పోదగినది
స్తోమత = శక్తి, ఆర్థిక స్థితి
నిరంకుశత్వం = అదుపులేని అధికారం
నిదర్శనం = ఉదాహరణ, రుజువు
కంఠస్థం చేయు = నోటికి వచ్చేటట్లు నేర్చుకొను
కృతి = కావ్యం, రచన
సొత్తు = సొంత ఆస్తి

సంధులు

గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
దేశోద్ధారక = దేశ + ఉద్ధారక – గుణసంధి
పఠనాభిరుచి = పఠన + అభిరుచి – సవర్ణదీర్ఘ సంధి

సందర్భసహిత వ్యాఖ్యలు

1. పాలకుని మీది కోపం భాష మీదికి మళ్లలేదు.
2. ఆయన కారాగారాన్ని కూడా ఒక పుస్తకంగానే చదివాడు.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. దేశోద్ధారక గ్రంథమాల స్థాపనను, దాని ఉద్దేశాన్ని తెలపండి.
2. నిజాం రాష్ట్రంలో తెలుగు చదువరులకు గల ఇబ్బందులు ఏవి?
3. గ్రంథాలయంలోని పుస్తకం ప్రజల సొత్తు అనడానికి కారణమేమిటి?

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ఆళ్వారుస్వామి, దాశరథుల పఠనాభిరుచులను పోల్చి వివరించండి.
2. మీకు నచ్చిన ఒక పుస్తకాన్ని గురించి, అది నచ్చడానికి గల కారణాలను గురించి రాయండి.