సుగ్గి గుడారాల్లో పెద్దరికం

ప్రశ్న: ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలసకు) పోతాం. గుడారాల్లో నీళ్లు, చందాలు, తగాదాలు అన్నీ నేనొక్కడినే చూస్తున్నా. అలసిపోయాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, దేవనకొండ

జవాబు: మీ ఓపికకు దండం. కానీ ఆ బరువు ఒక్కరే మోయకూడదు. బండి ఎక్కకముందే ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి పనులు పంచండి. చందా డబ్బు ఒకరి దగ్గర, లెక్కల పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. వారానికోసారి అందరి ముందూ చదవాలి. కూలి మాట్లాడే మేస్త్రీకి మాత్రం ఈ డబ్బు అప్పగించొద్దు. పనులు పంచుకునేవాళ్లలో ఆడవాళ్లు తప్పక ఉండాలి. బిందె ఖాళీ అయితే ముందు తెలిసేది వాళ్లకే. రేషన్ కార్డు వెంట ఉంచుకోండి, వేలిముద్ర వేసి అక్కడే బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉండిపోయే పిల్లల కోసం సీజనల్ హాస్టల్ గురించి బడిలో ముందే అడగండి. మీరంతా ఒక సంఘంగా రిజిస్టర్ కావాలనుకుంటే 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. ఈసారి లెక్కల పుస్తకం చదువుకున్న ఓ అమ్మాయికి ఇవ్వండి.