ఎడారిదారిలో బిడారు నీతి

ఉద్దేశం: విహారయాత్రకు ఉత్సాహం ఎంత అవసరమో ముందుచూపు కూడా అంతే అవసరమని తెలియజేయడం, ప్రయాణంలో పిల్లల పట్ల, పెద్దల పట్ల, ప్రకృతి పట్ల ఉండవలసిన బాధ్యతను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

హైదరాబాదు పాతబస్తీ నుండి 1578లో నిర్మించిన పురానాపూల్ మీదుగా మూసీనది దాటితే కార్వాన్ అనే పేట వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండకు వచ్చే వర్తకులు ఇక్కడ విడిది చేసేవారు. 'కార్వాన్' పారశీక పదం. దీనినే తెలుగులో 'బిడారు' అంటారు. దూరప్రయాణంలో దొంగల భయం, దాహభయం ఉన్నందువల్ల పూర్వులు ఒంటరిగా గాక బిడారుగా కదిలేవారు. అందరికంటె బలహీనుడు నడవగలిగిన వేగమే బిడారు వేగం.

చార్మినారుకు దక్షిణంగా బార్కస్ అనే మరొక పేట ఉంది. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు నివసించిన 'బారక్స్' పేరే ఇలా మారింది. వారిలో చాలామంది పూర్వికుల స్వస్థలం యెమెన్‌లోని హద్రమౌత్. ఆ ప్రాంతానికి ఉత్తరాన రుబ్ అల్ ఖాలీ ఎడారి వ్యాపించి ఉంది. 1970ల తరువాత ఈ ప్రయాణం దిశ మారింది. చమురు సంపద పెరిగిన గల్ఫ్ దేశాలకు పాతబస్తీ నుండి, తెలుగు జిల్లాల నుండి వేలాదిమంది ఉపాధి కోసం వెళ్ళారు. అక్కడ స్థిరపడిన బిడ్డలను చూడడానికి ఇప్పుడు తల్లిదండ్రులు కూడా వెళ్తున్నారు. అటువంటి సమయంలో కుటుంబమంతా కలిసి వాహనంలో ఎడారి చూసి రావడం పలువురికి ముచ్చటైన వేడుక.

శాలిబండ నుండి మస్కట్‌లోని కొడుకు ఇంటికి వెళ్ళిన వృద్ధదంపతులను ఉదాహరణగా తీసుకోవచ్చు. తండ్రికి మధుమేహం, తల్లికి మోకాళ్ళనొప్పులు. ఇంట్లో కొడుకు, కోడలు, పదేండ్ల మనుమరాలు, నాలుగేండ్ల మనుమడు ఉన్నారు. సుమారు రెండువందల కిలోమీటర్ల దూరంలోని వహీబా ఇసుకతిన్నెలకు రెండురోజుల యాత్ర వెళ్ళాలని వారి కోరిక. ఈ యాత్రను ఎట్లా సిద్ధం చేసుకోవాలి?

మొదట నిర్ణయించవలసినది కాలం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అక్కడి పగళ్ళు ఆహ్లాదకరంగా ఉంటాయి. వేసవిలో ఎండ ప్రాణాంతకం. రెండవది తోడు. ఇసుకలో ఒకే వాహనం కూరుకుపోతే లాగే దిక్కు ఉండదు. కనుక కనీసం రెండు ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలు, ఆ ప్రాంతం ఎరిగిన మార్గదర్శి ఉండాలి. మూడవది నీరు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున ఆరుగురికి రెండురోజులకు అరవై లీటర్లు అవుతుంది. ఆలస్యమైతే అక్కరకు రావడానికి మరో ఇరవై లీటర్లు విడిగా ఉంచాలి. ఆ నీరంతా ఒకే పాత్రలో గాక పలు డబ్బాలలో, రెండు వాహనాలలోనూ ఉంచడం మేలు. ఇసుకలో ఇంధనం రోడ్డుమీద కంటె చాలా ఎక్కువ ఖర్చవుతుంది గనుక ట్యాంకు నిండుగా ఉండాలి.

ఇసుకలో ప్రవేశించే ముందు టైర్లలోని గాలి తగ్గిస్తారు. చదరపు అంగుళానికి సుమారు 35 పౌండ్లుండే పీడనాన్ని 15 నుండి 18 పౌండ్లకు దించుతారు. అప్పుడు టైరు అడుగుభాగం పరచుకొని, బరువు ఎక్కువ చోటుమీద పడుతుంది. మెత్తని ఒంటెపాదం ఇసుకలో దిగబడకపోవడానికి కారణం కూడా ఇదే. తిరిగి రోడ్డు ఎక్కేటప్పుడు గాలి నింపుకోవడానికి చిన్న పంపు వెంట ఉండాలి. పార, లాగుడు తాడు, అదనపు టైరు, మందులపెట్టె తప్పనిసరి. తిన్నెను ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాహనం నిటారుగా సాగాలి. ఏటవాలుగా అడ్డం తిరిగితే పల్టీకొట్టే ప్రమాదం ఉంది.

ఇంతవరకు చెప్పినది వాహనం సంగతి. మనుషుల సంగతి అంతకంటె ముఖ్యం. నాయనమ్మ మోకాళ్ళు కుదుపులకు తట్టుకోలేవు. కనుక ఎత్తైన తిన్నెలమీది పరుగులు మానుకొని, ఎడారి అంచున ఉండే చదునైన బాటనే ఎంచుకోవాలి. తాతయ్య వేళకు భోజనం చేయాలి, మందులు వేసుకోవాలి. గంటకొకసారి ఆగడం మంచిది. పసివాడు సీటుబెల్టుతో తనకు తగిన కుర్చీలోనే కూర్చోవాలి. సూర్యాస్తమయానికి ముందే విడిదికి చేరాలి. ఉదయం చెప్పులు దులిపి తొడుక్కోవాలి, తేళ్ళుంటాయి. మరునాడు వాది బనీ ఖాలిద్ వంటి లోయలోని మడుగులు చూడవచ్చు గాని, వాన సూచనలుంటే అటు పోరాదు. పొడి వాగులో కూడా క్షణాలలో వరద రావచ్చు.

జాగ్రత్తలు ఇన్ని ఎందుకని యువకులకు అనిపించవచ్చు. రుబ్ అల్ ఖాలీ వైశాల్యం దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. అది తెలంగాణకు ఐదు రెట్లకు పైబడినది. 2024 ఆగస్టులో సౌదీ అరేబియాలో ఉద్యోగం చేస్తున్న తెలంగాణ యువకుడొకరు, సహోద్యోగితో కలిసి ఆ ఎడారిలో దారి తప్పారు. దారి చూపే పరికరం పనిచేయలేదు, ఫోను ఆగిపోయింది, ఇంధనం నిండుకుంది. ఎండకు, దాహానికి ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. వారు వెళ్ళినది విహారానికి కాదు, విధినిర్వహణకు. ఇది తలచుకొంటే ఎడారి ఎవరి పట్లా పక్షపాతం చూపదని అర్థమవుతుంది. అందుచేత వెళ్ళే దారిని, తిరిగివచ్చే వేళను ఇంటి వద్ద ఒకరికి రాసి ఇవ్వాలి. దారి తప్పితే వాహనాన్ని విడిచి నడవరాదు. వెదకేవారికి మనిషికంటె వాహనమే ముందుగా కనిపిస్తుంది, నీడ కూడా ఇస్తుంది.

ఎడారి నిర్జీవం కాదు. ఒక్క చక్రపు ఒత్తిడికి నలిగిన మొక్క మళ్ళీ లేవడానికి ఏండ్లు పట్టవచ్చు. పారేసిన ప్లాస్టిక్ సంచులు మేసి ఒంటెలు మరణిస్తున్నాయి. కనుక తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోవాలి. అక్కడి బదూలు ఖర్జూరం, కహ్వా ఇచ్చి అతిథులను ఆదరిస్తారు. అనుమతి లేకుండా వారి స్త్రీలను ఫొటో తీయరాదు.

ఇట్లా బయలుదేరిన కుటుంబం సాయంవేళ తిన్నె అంచున కూర్చుంటుంది. వంగపండు రంగు నీడలు ఇసుకమీద పాకుతాయి. గాలి గీసిన అలలు చూసి పసివాడు సముద్రమని కేకవేస్తాడు. నగరదీపాలలో కానరాని చుక్కలు ఒక్కొక్కటిగా తేలివస్తాయి. నాయనమ్మ ఒడిలో తలపెట్టుకొని మనుమరాలు వాటిని లెక్కపెడుతుంది. ఆమెను ఇంట్లో వదలి వేగంగా వెళ్ళినవారికి ఈ దృశ్యం దొరకదు. నేడు కార్వాన్ పేటలో వర్తకుల విడిదులు లేవు. కాని బిడారు నీతి మాత్రం ఇప్పటి వాహనయాత్రకూ వర్తిస్తుంది.

అభ్యాసం

1. 'అందరికంటె బలహీనుడు నడవగలిగిన వేగమే బిడారు వేగం' – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ఇసుకలో టైర్ల గాలి ఎందుకు తగ్గిస్తారు?
3. దారి తప్పినప్పుడు వాహనాన్ని ఎందుకు విడువరాదు?
4. మీ కుటుంబంలోని పెద్దలను దృష్టిలో ఉంచుకొని రెండురోజుల యాత్రాప్రణాళిక రాయండి.
5. విగ్రహవాక్యాలు రాయండి: వృద్ధదంపతులు, సూర్యాస్తమయం, నగరదీపాలు.