గట్టి రాయికి మెత్తని బ్లేడు

ఉపాధి కోసం పనిముట్లు ఇప్పించాలనుకునే దాతలు ఇదివరకు కుట్టుమిషనో తోపుడు బండో అనేవారు. ఇప్పుడు టైల్స్, గ్రానైట్ పని నేర్చిన కుర్రవాళ్లకు కటింగ్ మెషిన్ కొనిస్తామనే వారు పెరిగారు. మంచి ఆలోచనే. బెల్లంపల్లి చుట్టూ పాత బాయిలు చాలా మూతపడ్డాయి. తండ్రి వెనుక కొడుకు బాయిలో దిగే రోజులు పోయాయి. ఇళ్ల పనులు మాత్రం ఆగలేదు. అయితే మెషిన్ ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది, బ్లేడు మాత్రం మళ్లీ మళ్లీ కొనాలి. రాయిని కోసేది కూడా బ్లేడే. అది సరైనది కాకపోతే కుర్రవాడి కూలిలో పెద్ద వాటా దానికే పోతుంది, ఊపిరితిత్తులకూ ముప్పు వస్తుంది. అందుకని ఈ సంచికలో బ్లేడు గురించి కొంత వివరంగా రాస్తున్నాం.

ముందుగా, దీన్ని బ్లేడు అంటున్నాం గానీ ఇది కత్తిలా కోయదు, రంపంలా పళ్లతో చీల్చదు. ఉక్కు బిళ్ల అంచున లోహపు పొడిని కాల్చి ముద్దగా అతికిస్తారు. ఆ ముద్దలో సన్నని వజ్రపు రవ్వలు కలిసి ఉంటాయి. వజ్రం అనగానే గోల్కొండ గుర్తుకొస్తుంది కానీ ఇవి నేలలో దొరికినవి కావు, ఫ్యాక్టరీలో తయారైనవి. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో వజ్రం చేయడం సాధ్యమైన తర్వాతే ఇలాంటి పనిముట్లు సామాన్యుడి చేతికి అందే దారి పడింది. రవ్వలు రాయిని గీరి పొడి చేస్తాయి, లోహపు ముద్ద వాటిని పట్టుకొని ఉంటుంది. మేస్త్రీలు ఈ పట్టునే బాండ్ అంటారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. రాయి ఎంత గట్టిదైతే బ్లేడు బాండ్ అంత గట్టిగా ఉండాలనుకుంటారు. నిజం దానికి తలకిందులు. గ్రానైట్ మీద వజ్రపు రవ్వ మొన త్వరగా అరిగి నున్నబడుతుంది. అప్పుడు దాన్ని పట్టుకున్న లోహం కూడా అరిగి, పాత రవ్వను వదిలేసి, లోపలి కొత్త రవ్వను బయటికి తేవాలి. గ్రానైట్ పొడి మెత్తగా ఉంటుంది, లోహాన్ని అంతగా అరగదీయదు. కాబట్టి తేలిగ్గా అరిగే మెత్తని బాండ్ కావాలి. గట్టి బాండ్ ఉన్న బ్లేడు పెడితే నున్నబడిన రవ్వలు అక్కడే కూర్చుంటాయి. బ్లేడు రాయి మీద జారుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, అంచు నల్లబడుతుంది. కుర్రవాడు కోయడం లేదని ఇంకా బలంగా నొక్కుతాడు. వేడికి అంచు ముక్క ఊడి ఎగిరిపడే ప్రమాదం అప్పుడే.

ఇసుకరాయి సంగతి దీనికి పూర్తిగా వేరు. మన ప్రాంతంలో బాయి పని చేసినవారికి ఈ రాయి కొత్త కాదు, బొగ్గు పొరల పైనా కిందా ఉండేది ఎక్కువగా అదే. అందులోని రేణువు స్ఫటికం, మోస్ కొలతలో దాని గట్టితనం 7. అయినా రేణువుల మధ్య అతుకు బలహీనం. కోసేటప్పుడు అవి ఊడి వచ్చి ఉప్పుకాగితంలా లోహాన్ని తినేస్తాయి. మెత్తని బాండ్ బ్లేడుతో ఇసుకరాయినో, పచ్చి సిమెంటు దిమ్మెనో కోస్తే ఇంకా పనిచేసే వజ్రాలే రాలిపోయి చూస్తుండగానే అంచు కరిగిపోతుంది. దానికి గట్టి బాండే కావాలి. గట్టి రాయి వేరు, బ్లేడును అరగదీసే రాయి వేరు. ఈ తేడా తెలిసిన మేస్త్రీ దగ్గర బ్లేడు ఎక్కువ రోజులు మన్నుతుంది.

ఏ రాయో తెలియకపోతే మేకుతో గీసి చూడాలి. తాండూరు నాపరాయి, కడప రాయి సున్నపురాయి జాతివి, ఉక్కు మొనకు గీత పడుతుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి గ్రానైట్ మీద రాయికి గీత పడదు, మేకు లోహమే మచ్చలా అంటుకుంటుంది. దుకాణంలో అడిగేటప్పుడు "గట్టి బ్లేడు ఇవ్వండి" అనకూడదు, "గ్రానైట్‌కు" అని రాయి పేరే చెప్పాలి. బ్లేడు రంగు చూసి కొనడం కూడా మంచిది కాదు, ఒక కంపెనీ రంగుల అర్థం ఇంకో కంపెనీకి వర్తించదు.

అంచు ఆకారం రెండో విషయం. మధ్యమధ్య చీలికలున్నది వేగంగా కోస్తుంది, వేడి తక్కువ, కానీ రాయి అంచున చిన్న పెచ్చులు లేస్తాయి. చీలికలు లేని నిండు అంచు టైల్‌కూ పాలరాయికీ నున్నగా వస్తుంది, నీళ్లు మాత్రం తప్పనిసరి. ఈ రెండింటికీ మధ్యది టర్బో. మెట్లకూ వంటగట్టుకూ గ్రానైట్ కోసే కుర్రవాడికి నీళ్లతో వాడే టర్బో సరిపోతుందని మా అభిప్రాయం. వంటగట్టులో సింకు కోసం రంధ్రం తీసేటప్పుడు బ్లేడును పక్కకు తిప్పకూడదు. ముందు నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, వాటి మధ్య తిన్నగా కోయాలి. లేకపోతే పలక మూల దగ్గర పగిలి దాని ఖరీదు మేస్త్రీ మీద పడుతుంది.

వేగం గురించి ఒక లెక్క. 110 మి.మీ. బ్లేడు నిమిషానికి 12,000 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు 69 మీటర్లు, అంటే గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. బ్లేడు మీద గరిష్ఠ ఆర్‌పీఎం ముద్రించి ఉంటుంది. మెషిన్ వేగం అంతకు మించకూడదు. కవరు ఊడదీసి చిన్న మెషిన్‌కు పెద్ద బ్లేడు బిగించేవారున్నారు. ఇది ఎంత తొందర పని అయినా మన్నించరానిది. ముక్క ఊడితే అడ్డుకునేది ఆ కవరు ఒక్కటే.

ధర విషయంలో దాతలు ఒక లెక్క చూడాలి. ఉదాహరణకు 200 రూపాయల బ్లేడు 80 అడుగులు కోసిందనుకుందాం. అడుగుకు రెండున్నర రూపాయలు. 500 రూపాయలది 300 అడుగులు కోస్తే అడుగుకు రూపాయి అరవై ఏడు పైసలు. చవక బ్లేడే ఖరీదైనదిగా తేలింది. ఖరీదైనదల్లా మంచిదనీ కాదు. అతికించిన వజ్రపు పొర ఎత్తు ఎంతో చూడాలి, ఉక్కు బిళ్ల వంకర లేకుండా తిన్నగా ఉందో లేదో చూడాలి. కోయడం మానేసిన బ్లేడును వెంటనే పారేయనక్కరలేదు. ఇసుకరాయిలోనో సిమెంటు ఇటుకలోనో నాలుగైదు సార్లు లోతు తక్కువగా పోనిస్తే నున్నబడిన పొర అరిగి కొత్త రవ్వలు తేలతాయి. 20 మి.మీ. పలకను ఒక్క దెబ్బలో కాకుండా మూడు విడతలుగా కోస్తే బ్లేడు మరింత కాలం వస్తుంది.

హైదరాబాద్ మక్కా మసీదును తలుచుకుంటే ఈ రోజు పని ఎంత తేలికైందో తెలుస్తుంది. 17వ శతాబ్దం తొలి పాదంలో మొదలైన ఆ కట్టడం 1694లో పూర్తయింది. అందులోని ఒక్క పెద్ద రాయిని గని నుంచి తీయడానికే ఐదారు వందల మంది ఐదేళ్లు శ్రమించారనీ, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు పట్టాయనీ ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడు. ఉలి దెబ్బకు లేచిన పొడి ఎక్కువగా పెచ్చులే. నేటి బ్లేడు కొట్టే పొడి అలాంటిది కాదు.

గ్రానైట్‌లో స్ఫటికం ఎంతో కొంత ఉంటుంది, కొన్ని రకాల్లో దాదాపు మూడో వంతు. పొడిగా కోస్తే లేచే తెల్లని మబ్బులో కంటికి కనబడని రేణువులే అపాయం. వెంట్రుక మందంలో పదో వంతుకన్నా సన్నగా ఉండి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అక్కడ మచ్చలు కట్టే జబ్బే సిలికోసిస్. దానికి మందు లేదు, పైగా క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. బయటపడేందుకు పదేళ్లు పైనే పట్టవచ్చు, దుమ్ము మరీ ఎక్కువైతే కొద్ది ఏళ్లే చాలు. 90 శాతం దాకా స్ఫటికం ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసి యువకులు జబ్బున పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. ఆ పలకలు మన వంటగదుల్లోకీ వస్తున్నాయి.

గనిలో పనిచేసేవారికి కాలం ప్రకారం వైద్య పరీక్షలు చేయించాలని చట్టం ఉంది. ఇంటింటికీ తిరిగి రాయి కోసేవాడికి ఆ పరీక్ష చేసేవారు లేరు. అతనికి రక్ష నీళ్లే. ముక్కుకు కట్టే రుమాలు ఈ దుమ్మును ఆపదు. ఎన్95 లేదా ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు ఆపుతుంది, కానీ గడ్డం ఉన్న ముఖానికి అది సరిగా అతకదు, పక్కల నుంచి గాలి దూరుతుంది. మన పిల్లల్లో చాలామందికి గడ్డం ఉంటుంది కనుక నీళ్ల గొట్టం మరీ ముఖ్యం. నీళ్లున్నచోట కరెంటు భయం ఉంటుంది, కాబట్టి 30 మిల్లీయాంప్స్‌కు ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు ద్వారానే మెషిన్‌కు కరెంటు ఇవ్వాలి.

అందువల్ల మెషిన్ ఇచ్చే దాత దానితోపాటు గ్రానైట్ బ్లేడ్లు రెండు, నీళ్ల గొట్టం, చిన్న పంపు, ఆ బోర్డు, కళ్లద్దాలు, మాస్కులు కూడా కలిపి ఇవ్వాలని కోరుతున్నాం. అంత వీలుకాకపోతే మెషిన్‌లు ఒకటి తగ్గించినా ఫరవాలేదు. తీసుకునే కుర్రవాడు 18 ఏళ్లు నిండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించాలి. కాగితాలు నింపడానికి చదువుకున్నవారు ఒక పూట కేటాయిస్తే అదీ దానమే.

కోత అయ్యాక మిగిలే తెల్లని బురదను అలాగే వదిలేయకూడదు. ఎండితే అది మళ్లీ అదే దుమ్ము. తడిగా ఉండగానే గోనె సంచిలోకి ఎత్తి, నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పని బట్టలు ఇంట్లో దులపకుండా నేరుగా నీళ్లలో నానబెట్టాలి.